గుండె వైద్యుడిని ఎంచుకోవడం, యాంజియోప్లాస్టీని అర్థం చేసుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

గుండె జబ్బు విషయంలో మన పల్లెల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. తెల్లవారుజామున ఛాతీ బరువెక్కి చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకొని జీలకర్ర నీళ్లు తాగి తెల్లారేదాకా చూస్తాం. అదే నడిస్తే ఆయాసం వస్తోందని పరీక్షకు వెళ్లినప్పుడు యాంజియోగ్రామ్‌లో (రంగు మందు ఎక్కించి గుండె నాళాలను చూసే పరీక్షలో) ఒక బ్లాక్ కనిపిస్తే మాత్రం, ఆ పూటే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ) వేయించకపోతే మనిషి దక్కడన్నట్టు ఇంటిల్లిపాదీ కంగారుపడి కాగితాల మీద సంతకాలు పెట్టేస్తాం. ఈ రెండూ మా ఇంట్లోనే జరిగాయి. మొదటిది మా నాన్న విషయంలో, రెండోది మా మేనమామ విషయంలో. నేను వైద్యుడిని కాను. కలిగిరి పక్క పల్లె నుంచి కావలికి, నెల్లూరుకు, తిరుపతికి రోగులను వెంటబెట్టుకొని తిరిగి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవాడిని. ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏమి అడగాలో మాత్రం వివరంగా చెప్పగలను.

మొదటి మెట్టు: ఇది ఈ గంటలో తేలాల్సిన సమస్యా, ఈ నెలలో తేలాల్సిన సమస్యా?

గుండె కండరానికి రక్తం అందించే నాళాలను కరోనరీ ధమనులంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బయలుదేరుతాయి. ఎడమది కొద్ది దూరంలోనే రెండుగా చీలుతుంది కాబట్టి డాక్టర్లు మూడు నాళాల లెక్క చెబుతారు. వీటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకొని దారి ఇరుకైనప్పుడు, మెట్లెక్కుతుంటేనో బరువు మోస్తుంటేనో ఛాతీ పట్టేసినట్టయి, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. దీన్ని స్థిరమైన ఆంజైనా అంటారు. అలా కాకుండా ఆ కొవ్వు పేరుకున్న చోట పైపొర ఉన్నట్టుండి పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతే అది గుండెపోటు. మొదటిదానికి ఆలోచించే వ్యవధి ఉంటుంది, రెండోదానికి ఉండదు.

కూర్చున్నా పడుకున్నా తగ్గకుండా పావుగంటకు మించి ఛాతీలో బరువు, మంట, నొక్కినట్టు ఉండటం, అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకటం, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టుండటం గుండెపోటుకు గుర్తులు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం, పొట్ట పైభాగంలో ఇబ్బంది మాత్రమే కనిపించవచ్చు. రోజూ పొలంలో పని చేసుకునే మనిషి ఇంతకు ముందు లేని ఆయాసం అంటున్నాడంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. అలాగే స్థిరంగా ఉన్న ఆంజైనా కొద్ది రోజుల్లోనే ఎక్కువసార్లు, తక్కువ శ్రమకే, విశ్రాంతిలో కూడా రావడం మొదలైతే దాన్ని కూడా అత్యవసరంగానే చూడాలి.

రెండో మెట్టు: గుండెపోటు అనిపిస్తే పెద్ద డాక్టరు కోసం వెతకవద్దు, ఈసీజీ కోసం వెతకండి

మా నాన్నకు తెల్లవారుజామున నాలుగింటికి ఛాతీ మధ్యలో మంట మొదలైంది. ముందు రోజు రాత్రి పెళ్లి భోజనం చేసి వచ్చారు కాబట్టి అరగలేదనుకొని సోడా తాగించాం. ఆరింటికి ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి గ్యాస్ తగ్గడానికి ఇంజెక్షన్ వేశారు. ఎడమ దవడ లాగుతోందని నాన్న రెండుసార్లు అన్నారు. పన్ను నొప్పి అనుకున్నాం. మంచి డాక్టరు ఎవరని అందరికీ ఫోన్లు చేసుకుంటూ బయలుదేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఈసీజీ తీసింది పదిన్నరకు. ఆ ఆరున్నర గంటల్లో దెబ్బతిన్న కండరం మళ్లీ కోలుకోలేదు. నాన్న బతికారు, స్టెంట్ కూడా వేశారు; కానీ ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె పంపింగ్ నేటికీ 35 శాతం దగ్గరే ఉంది. మామూలుగా అది 55 పైన ఉండాలి.

కాబట్టి మొదట 108కు ఫోన్ చేయండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తీసుకువెళ్లవద్దు, రోగిని నడిపించవద్దు. గుండెపోటు మొదటి గంటల్లో గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి పడిపోవచ్చు. దానికి కావాల్సిన షాక్ యంత్రం ఆంబులెన్స్‌లోనో ఆసుపత్రిలోనో ఉంటుంది, కారులో ఉండదు. రోగికి ఆస్పిరిన్ పడదని గాని, ఒంట్లో ఎక్కడైనా రక్తస్రావం ఉందని గాని తెలియకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించడం మేలు చేస్తుంది; ఫోన్‌లోని సిబ్బందిని అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర మాత్రం బీపీ చూడకుండా సొంతంగా ఇవ్వవద్దు, బీపీ పడిపోతే కొత్త ప్రమాదం వస్తుంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. ఏరియా ఆసుపత్రి అయినా, సామాజిక ఆరోగ్య కేంద్రం అయినా పరవాలేదు, దగ్గరిదే మంచిది. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి కొనసాగుతుంటే కాసేపటికి మళ్లీ తీయమనండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష కూడా నొప్పి మొదలైన వెంటనే చేస్తే కొన్నిసార్లు తప్పిపోతుంది, కొన్ని గంటల తర్వాత మరోసారి చేయాలి.

నాళం పూర్తిగా మూసుకుపోయిందని ఈసీజీ చెబితే రెండు దారులున్నాయి. క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్‌లు చేసి, స్టెంట్లు వేసే గది) ఉన్న ఆసుపత్రిలో వెంటనే యాంజియోప్లాస్టీ చేసి, అంటే బెలూన్‌తో, స్టెంట్‌తో నాళం తెరవడం ఒకటి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం రెండోది. సకాలంలో జరిగితే మొదటిదే మెరుగు. అయితే ఈసీజీలో తేలిన క్షణం నుంచి రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే అవకాశం లేకపోతే, ఉన్నచోటే ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఈ ఇంజెక్షన్ ఉపయోగపడుతుంది. ఎంత ముందు ఇస్తే అంత ఫలితం.

ఈ లెక్కను మన జిల్లాల పటం మీద పెట్టి చూసుకోవాలి. నెల్లూరు పట్టణంలోనో ఒంగోలులోనో ఉన్నవారు నేరుగా క్యాథ్ ల్యాబ్‌కు వెళ్లవచ్చు. కావలి, గూడూరు, సింగరాయకొండ జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి వాళ్లకూ సాధ్యమే. ఉదయగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి బయలుదేరితే ప్రయాణానికే గంటలు పడుతుంది. గిద్దలూరు వాళ్లకైతే ఒంగోలు కన్నా నంద్యాల దగ్గర. అటువంటి చోట్ల "ఇక్కడ ఏం చూస్తారులే, పెద్దాసుపత్రికే పోదాం" అనడం ప్రాణాంతకమైన మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటుకు డాక్టర్ల పేరు) కార్యక్రమం మన రాష్ట్రంలో 2023లో మొదలైంది. బయట కొంటే వేలల్లో ఖరీదయ్యే మందు అది. ఏరియా ఆసుపత్రి డాక్టరును "ఇంజెక్షన్ ఇక్కడే ఇస్తారా, ఇచ్చి పంపిస్తారా?" అని సూటిగా అడగండి. ఇంజెక్షన్ పనిచేసి నొప్పి తగ్గినా అక్కడితో ఆగకుండా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయించుకోవాలి.

మూడో మెట్టు: వ్యవధి ఉన్నప్పుడు గుండె డాక్టరును ఎలా ఎంచుకోవాలి

ఇక్కడి నుంచి చెప్పేది గుండెపోటు కాకుండా, నడిస్తే వచ్చే నొప్పితో తిరుగుతున్నవారి గురించి.

బోర్డు మీద గుండె బొమ్మ ఉన్నంత మాత్రాన గుండె నిపుణులు కారు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీ జనరల్ మెడిసిన్, ఆ పైన మూడేళ్లు డీఎం కార్డియాలజీ చదివినవారు కార్డియాలజిస్టులు. డీఎన్‌బీ లేదా డీఆర్‌ఎన్‌బీ కార్డియాలజీ దానికి సమానమైన చదువు. గుండె శస్త్రచికిత్సలో ఎంసీహెచ్ అని ఉంటే వారు ఛాతీ తెరిచి బైపాస్ (బ్లాక్‌ను దాటించి రక్తానికి వేరే దారి కుట్టే ఆపరేషన్) చేసే సర్జన్లు. ఎండీ మెడిసిన్ డాక్టర్లు బీపీ, షుగర్ బాగా చూస్తారు, మొదట అనుమానించి పంపేది కూడా చాలాసార్లు వారే. స్టెంట్ వేసే నిర్ణయం మాత్రం కార్డియాలజిస్టుది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద ఉంటుంది. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని వైద్యుల జాబితాలో పేరు వెతికితే వారు నమోదు చేసుకున్న చదువు తెలుస్తుంది. ఇలా చూసుకోవడం డాక్టరును అవమానించడం కాదు.

కార్డియాలజిస్టుల్లో కూడా అందరూ స్టెంట్లు వేయరు. అందుకని ఆసుపత్రిలో మూడు సంగతులు కనుక్కోండి. స్టెంట్ వేసేది ఈ డాక్టరేనా, లేక వారంలో ఒక రోజు చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో వచ్చేవారా అన్నది మొదటిది. వచ్చిపోయే డాక్టరు ఎంత గొప్పవారైనా, ఆ రాత్రి చిక్కు వస్తే చూసేది ఎవరో తెలిసి ఉండాలి. క్యాథ్ ల్యాబ్ రాత్రి రెండు గంటలకు కూడా పనిచేస్తుందా అన్నది రెండోది. అవసరమైతే బైపాస్ చేసే సర్జన్ అక్కడే ఉన్నారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అన్నది మూడోది. నా అనుభవంలో వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పినవారే తర్వాత ఫోన్ చేస్తే కూడా పలికారు.

రెండో అభిప్రాయానికి తిరుపతిలోని స్విమ్స్, హైదరాబాద్‌లోని నిమ్స్ మనవాళ్లకు ఎప్పటినుంచో అలవాటైన చోట్లు. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకు, ఒంగోలులో రిమ్స్‌గా అందరికీ తెలిసిన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. ఓపీ రోజులు ముందుగా కనుక్కొని, ఉదయమే చేరుకుంటే పని సాగుతుంది.

వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఈ వివరాలు రాసుకొని వెళ్లండి: నొప్పి ఎప్పటి నుంచి, ఎంత దూరం నడిస్తే, ఎన్ని నిమిషాలు ఉంటుంది, ఏం చేస్తే తగ్గుతుంది, వాడుతున్న మాత్రలన్నీ, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు, చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు. మా మామయ్య డాక్టరు దగ్గర "అప్పుడప్పుడు కొంచెం ఆయాసం సార్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవారు. అత్తయ్య మాత్రం "బ్యారన్ దగ్గర పొగాకు మోపు ఎత్తి నాలుగు అడుగులు వేయగానే ఛాతీ పట్టుకొని కూలబడతాడు, చుట్ట ఆరకముందే మరొకటి ముట్టిస్తాడు" అని అసలు సంగతి చెప్పింది. డాక్టరు రాసుకున్నది అత్తయ్య మాటే. ఇంట్లో చూసే మనిషిని వెంట తీసుకువెళ్లడం అందుకే ముఖ్యం.

నాలుగో మెట్టు: పరీక్షలు, ఆ తర్వాత అసలు నిర్ణయం

ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరమైతే సీటీ యాంజియోగ్రామ్, ఆపైన చేతి మణికట్టు నుంచో గజ్జల నుంచో సన్నని గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్ అన్నది మామూలు క్రమం. యాంజియోగ్రామ్‌లో వాడే అయోడిన్ రంగు మందు కిడ్నీల మీద భారం వేస్తుంది కాబట్టి ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే కనిగిరి, పీసీపల్లి వైపు వారు ఈ సంగతి తామే గుర్తుచేయాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు దాన్ని ఆపాలా వద్దా అని అడగాలి.

మామయ్యకు యాంజియోగ్రామ్ చేసిన రోజున క్యాథ్ ల్యాబ్ తలుపు తీసుకొని ఒకరు బయటికి వచ్చి, కుడి నాళంలో 70 శాతం బ్లాక్ ఉంది, టేబుల్ మీదున్నప్పుడే స్టెంట్ వేయించుకోండి, ఐదు నిమిషాల్లో చెప్పండి అన్నారు. అత్తయ్య ఏడుస్తోంది, బావ బ్యాంకు యాప్ తెరిచి డబ్బు ఎంతుందో చూస్తున్నాడు. నాన్న విషయంలో ఆలస్యం చేసి నష్టపోయిన నేను కూడా సరే అనబోయాను. ఇది గుండెపోటా అని అడిగితే కాదన్నారు. అయితే సీడీ, రిపోర్టు ఇవ్వండి, ఆలోచించుకొని వస్తామన్నాం. ఇష్టం లేకపోయినా ఇచ్చారు.

స్థిరమైన ఆంజైనాలో స్టెంట్ ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. 2007లో వెలువడిన కరేజ్, 2020లో వెలువడిన ఇస్కీమియా అనే రెండు పెద్ద అధ్యయనాలు, ఇటువంటి రోగుల్లో మంచి మందులకు తోడు స్టెంట్లు వేసినా మరణాలు తగ్గలేదని చూపించాయి. నొప్పి తగ్గడంలో, హాయిగా పని చేసుకోగలగడంలో మాత్రం స్టెంట్ సాయపడింది. అంటే గుండెపోటులో యాంజియోప్లాస్టీ ప్రాణం నిలుపుతుంది. స్థిరమైన ఆంజైనాలో అది ముఖ్యంగా బాధ తగ్గిస్తుంది. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవారికి, గుండె పంపింగ్ బాగా తగ్గినవారికి ఈ మాట వర్తించదు, వారి లెక్క వేరు. షుగర్ ఉండి మూడు నాళాల్లోనూ బ్లాకులు ఉన్నవారికి చాలా సందర్భాల్లో బైపాస్ మేలైన ఫలితం ఇస్తుంది. "మూడు స్టెంట్లు వేస్తాం" అన్నప్పుడు, బైపాస్ సర్జన్ కూడా ఈ సీడీ చూశారా అని అడగడం రోగి హక్కు. బ్లాక్ 50కి, 70కి మధ్య అటూ ఇటూగా ఉంటే, నాళంలో రక్తపు ఒత్తిడిని కొలిచే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే పరీక్ష ఉంది. ఆ సంఖ్య 0.80 లేదా అంతకన్నా తక్కువైతేనే ఆ బ్లాక్‌ను లెక్కలోకి తీసుకుంటారు.

మామయ్య సీడీని తిరుపతిలో చూపించాం. మందులు వాడి, చుట్ట మాని, రోజూ నడవమన్నారు. నాలుగు నెలలు అలాగే చేశారు. నొప్పి సగానికి తగ్గింది కానీ మోపు ఎత్తితే వస్తూనే ఉంది. అప్పుడు పొగాకు అమ్మకాలు ముగిశాక ఒక తేదీ అనుకొని, ఆరోగ్యశ్రీ అనుమతి తెచ్చుకొని, స్టెంట్ వేయించాం. చివరికి వేయించిందీ స్టెంటే కదా అని బంధువులు అన్నారు. ఎందుకు వేస్తున్నారో మామయ్యకు తెలిసి వేయించుకున్నారన్నదే నాకు ముఖ్యం. ఆ నాలుగు నెలల్లో అలవాటైన మందులు, నడక ఆయన తర్వాత కూడా వదల్లేదు.

ఐదో మెట్టు: టేబుల్ మీద ఏం జరుగుతుంది

మత్తు ఇచ్చి పడుకోబెట్టరు. మణికట్టు దగ్గర మాత్రం తిమ్మిరి సూది వేస్తారు. ఆ రక్తనాళంలోంచి రెండు మిల్లీమీటర్ల మందం గొట్టాన్ని గుండె దాకా పంపి, అందులోంచి వెంట్రుకలాంటి తీగను బ్లాక్ దాటిస్తారు. ఆ తీగ మీదుగా మడిచిన బెలూన్‌ను తీసుకువెళ్లి ఉబ్బిస్తే కొవ్వు పక్కకు ఒత్తుకొని దారి తెరుచుకుంటుంది. బెలూన్ ఉబ్బిన కొన్ని సెకన్లు నాళం మూసుకుపోతుంది కాబట్టి ఛాతీలో నొప్పి రావడం సహజమని ముందే చెప్పి ఉంచితే రోగి భయపడడు. తర్వాత మరో బెలూన్ మీద బిగించిన లోహపు జాలీని, అంటే స్టెంట్‌ను, అక్కడ విప్పి వదిలేస్తారు. రంగు మందు వదిలినప్పుడు ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కినట్టు ఉంటుంది.

ఈ పద్ధతిని 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి చేశారు. ఒట్టి బెలూన్‌తో తెరిచిన నాళాలు నూటికి 30 నుంచి 40 మందిలో కొన్ని నెలల్లోనే మళ్లీ ఇరుకయ్యేవి. అందుకే 1986లో స్టెంట్ వచ్చింది, ఆ తర్వాత మందు పూసిన స్టెంట్ వచ్చి ఆ ఇబ్బందిని బాగా తగ్గించింది. విదేశీ స్టెంట్లు సామాన్యుడికి అందని రోజుల్లో మన తెలుగు కార్డియాలజిస్టు డాక్టర్ బి. సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలామ్ కలిసి తక్కువ ధర స్టెంట్ తయారు చేశారు. దాన్ని కలామ్-రాజు స్టెంట్ అంటారు.

ప్రమాదాలు అరుదే కానీ లేవనకూడదు: గొట్టం పెట్టిన చోట రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం, నాళం చీలడం, గుండెపోటు, పక్షవాతం. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదివి వినిపించమనండి.

ఆరో మెట్టు: ఖర్చు

రేషన్ కార్డు, ఆధార్‌తో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారినా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అన్నా, ఆరోగ్యశ్రీ అంటే అందరికీ అర్థమవుతుంది. అత్యవసరమైతే ఫోన్ ద్వారా కూడా అనుమతి తీసుకుంటారు. చెన్నైకి వెళ్లాలనుకుంటే అక్కడి ఆసుపత్రికి పథకం వర్తిస్తుందో లేదో 104కు ఫోన్ చేసి తెలుసుకున్నాకే బయలుదేరండి.

సొంత డబ్బుతో చేయించుకునేవారు స్టెంట్ ధర గురించి తెలుసుకోవాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకు ముందు లక్షకు పైగా పలికిన మందు పూసిన స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. ఆ పరిమితిని తర్వాత సవరిస్తూ వస్తున్నారు. బిల్లులో స్టెంట్ పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, ధర విడిగా చూపించాలి. స్టెంట్ డబ్బా మీది స్టిక్కరును డిశ్చార్జి కాగితానికి అంటించి ఇస్తారు. అంటించకపోతే అడిగి తీసుకోండి. పదేళ్ల తర్వాత మరో డాక్టరుకు అది పనికి వస్తుంది.

ఏడో మెట్టు: ఇంటికి వచ్చాక

మణికట్టు నుంచి చేస్తే మరుసటి రోజో ఆ మరుసటి రోజో ఇంటికి పంపుతారు. గుండెపోటు వచ్చినవారు మరికొన్ని రోజులు ఉండాలి. వారం పాటు ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, పంపు కొట్టకూడదు.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గాని టికాగ్రెలార్ గాని ఇస్తారు. గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది, స్థిరమైన ఆంజైనాకు ఆరు నెలలు ఈ జంట మాత్రలు వాడాలి, ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది. ఎవరికి ఎంతకాలమో డాక్టరు చెప్పాలి. వీటిని సొంతంగా మానితే స్టెంట్‌లోనే గడ్డకట్టి నాళం ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. ఊరెళ్లినప్పుడు మాత్రలు మరచిపోయాను, అయిపోయాయి, సంతకు వెళ్లినప్పుడు తెచ్చుకుంటాను అన్న మాటలకు తావివ్వకండి. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర జీవితాంతం ఉంటుంది. చెడు కొవ్వు (ఎల్‌డీఎల్) కనీసం 70 కన్నా తక్కువకు రావాలి. చేపల పులుసు మానక్కర్లేదు, ఎండుచేపలు, ఊరగాయల ఉప్పు తగ్గించాలి. పొగాకు పండించే ఊళ్లలో చుట్ట మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఇందులో సగం మానడం అన్నది లేదు.

నాన్నకు స్టెంట్ వేసిన ఎనిమిదో నెలలో నిజంగానే పన్ను నొప్పి వచ్చింది. ఎడమ దవడే. ఈసారి మొదట ఈసీజీ తీయించాం, మార్పేమీ లేదన్నారు. దంతవైద్యుడు పన్ను పీకాలని, ఐదు రోజులు రక్తం పలచబడే మాత్రలు ఆపి రమ్మన్నారు. ఆపకుండా గుండె డాక్టరుకు ఫోన్ చేశాం. రెండింటిలో ఏ ఒక్కటీ ఆపవద్దు, పన్ను పీకాక దూది గట్టిగా కరిపించి ఎక్కువసేపు కూర్చోబెట్టమనండి అని చెప్పి, ఆ మాటే దంతవైద్యుడితో కూడా మాట్లాడారు. మామూలుగా పది నిమిషాల్లో ఆగే రక్తం ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. నాన్న దూది కరచుకొనే కూర్చొని, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర ఎక్కడని చేత్తో సైగ చేసి అడిగారు.